నేమ్ బోర్డు గీస్తున్న పిల్లలకు

పిల్లలూ,

దసరా సెలవుల్లో అందరూ కలిసి ఇంటికి నేమ్ బోర్డు చేస్తామని, కంప్యూటర్లో గీసి సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే మెషీన్) మీద కోయిస్తామని రాశారు. చాలా సంతోషం. బోర్డు మీద "పద్మ నిలయం" అని తెలుగులోనే ఉండాలని పట్టుబట్టారట, అది ఇంకా సంతోషం. ఇంగ్లీషులో అయితే తేలిక కదా తాతయ్యా అని మీలో ఒకరు అడిగారు. తేలికే. కానీ మన ఇంటి గుమ్మం పక్కన మన అక్షరాలు అందంగా కనిపించాలంటే కొంచెం శ్రద్ధ పెట్టాలి. ఆ శ్రద్ధ ఎక్కడెక్కడ పెట్టాలో చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. తెర మీద మీరు గీసే గీతకు లావు లేదు. దాన్ని కోసే బిట్‌కు, అంటే మెషీన్‌లో గిర్రున తిరిగే కోత పుల్లకు, లావు ఉంది. 3 మి.మీ. బిట్ 2 మి.మీ. సందులోకి ఎలా పోతుంది? పోదు. డిజైన్‌లో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. అందుకే బిట్ ఏదో తెలియకుండా గీయడం మొదలుపెట్టొద్దు అంటాను.

మెషీన్‌కు పద్మ ఎవరో, నిలయం ఏమిటో తెలియదు. మీ డ్రాయింగ్ చివరికి జీ-కోడ్ అనే ఆజ్ఞల వరసగా మారుతుంది. జీ0 అంటే కోయకుండా గబగబా అక్కడికి వెళ్లు, జీ1 అంటే చెప్పిన వేగంతో తిన్నగా కోసుకుంటూ వెళ్లు, జీ2, జీ3 అంటే వంపు తిరుగుతూ వెళ్లు. అది వెళ్తుంది, అంతే. తప్పు గీతయినా అంతే శ్రద్ధగా కోసిపెడుతుంది.

ఇక అక్షరాల సంగతి. క్యాడ్ ప్రోగ్రాముల్లో, అంటే కొలతలతో డిజైన్ గీసే ప్రోగ్రాముల్లో, నేరుగా తెలుగు టైప్ చేస్తే కొన్నిటిలో ఒత్తులు విడిపోతాయి. "పద్మ"లో మ ఒత్తు ద కింద కూర్చోకుండా, పొల్లు పెట్టిన ద్ పక్కన మామూలు మ వచ్చి నిలబడుతుంది. అలా విరిగిన తెలుగును బోర్డుల మీద చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దీనికి మందు ఉంది. ఇంక్‌స్కేప్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటి ఉంది, అందులో యూనికోడ్ తెలుగు చక్కగా కుదురుతుంది. పేరు అక్కడ టైప్ చేయండి. మల్లన్న, రామభద్ర, తిమ్మన లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి, నోటో సాన్స్ తెలుగు కూడా ఉంది. నచ్చిన ఫాంట్ కుదిరాక పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కితే అక్షరాలు గీతలైపోతాయి. ఆ తర్వాత వాటిని ఏ కంప్యూటర్లో తెరిచినా, ఫాంట్ ఉన్నా లేకపోయినా, రూపు చెదరదు. స్పెల్లింగ్ మాత్రం ముందే చూసుకోండి, గీతలయ్యాక మళ్లీ టైప్ చేసి దిద్దడం కుదరదు.

ఆ వెంటనే ఇంకో పని. తెలుగు ఫాంట్లలో గుడి, దీర్ఘం, ఒత్తు లాంటివి చాలాచోట్ల అక్షరం మీదికి కొంచెం ఎక్కి ఉంటాయి. కాగితం మీద రెండూ నల్లగా కలిసిపోతాయి కాబట్టి మనకు తెలియదు. రూటర్‌కు మాత్రం అవి ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు. అలాగే పంపితే అక్షరం మధ్యలోంచి అడ్డంగా ఒక గాటు పడుతుంది, లేదా కలిసిన చోట చెక్క కోయకుండా మిగిలిపోతుంది. గ్రూపు విడదీసి, ఏ అక్షరానికి ఆ అక్షరం ముక్కలు ఎంచుకుని యూనియన్ చేయండి, అంటే అన్నిటినీ ఒకే ఆకారంగా కలిపేయండి. తర్వాత గీతలు మాత్రమే కనిపించే అవుట్‌లైన్ వ్యూలోకి మార్చి, బాగా పెద్దది చేసి, ఒక్కో అక్షరం చుట్టూ గీత ఒకటే ఉందో లేదో చూడండి. కంగారు పడొద్దు, పేరంతా చూసేసరికి ఓ పావుగంట పడుతుంది.

ఇప్పుడు బోర్డు మీది పేరులో మొదటి అక్షరం దగ్గరికే వద్దాం. ప, వ రెండూ పక్కపక్కన రాసి చూడండి. వ మీద తలకట్టు అక్షరానికి అతుక్కుని ఉంటుంది. ప మీద అతకదు, మధ్యలో సన్నటి సందు ఉంటుంది. ష, స, హ కూడా అంతే. మీరు చుట్టూ చెక్క తవ్వేసి అక్షరాలు ఉబ్బెత్తుగా నిలిచేలా చేద్దామనుకున్నారు కదా. 60 మి.మీ. ఎత్తు అక్షరంలో ఆ సందు 2 మి.మీ. ఉందనుకోండి. మీ దగ్గర ఉన్నది 3 మి.మీ. బిట్. సాఫ్ట్‌వేర్ ఆ సందులోకి దారే వేయదు, చాలాసార్లు ఆ మాట మీకు చెప్పదు కూడా. తలకట్టు, అక్షరం కలిసిపోయి బోర్డు మీద "వద్మ నిలయం" తేలుతుంది! చివరి సున్నాకూ ఇదే గండం. దాని నడుమ ఉన్న ఖాళీలో బిట్ పట్టకపోతే సున్నా కాస్తా బొట్టుబిళ్ల అవుతుంది.

దీనికి దారులు చాలా ఉన్నాయి. అక్షరాలు పెద్దవి చేయొచ్చు, సన్నబిట్ వాడొచ్చు, ఫాంట్ మార్చొచ్చు. నన్నడిగితే తలకట్టు ఒక్కదాన్నే పట్టుకుని 2 మి.మీ. పైకి జరపమంటాను. ఫాంట్లు గీసినవాళ్లు కాగితాన్ని, తెరను దృష్టిలో పెట్టుకుని గీశారు, చెక్కకు తగ్గట్టు సర్దుకోవాల్సింది మనమే. కొంచెం జరిపినంత మాత్రాన అక్షరం అందం చెడదు. కొలిచే టూల్‌తో ప్రతి సందునూ కొలిచి, బిట్ కంటే ఎక్కువ ఉందని చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఉబ్బెత్తు కాకుండా అక్షరాలను లోపలికి చెక్కే పద్ధతి ఉంది, వీ-కార్వింగ్ అంటారు. మొదటి బోర్డుకు నేనైతే ఇదే ఎంచుకుంటాను. వీ-బిట్ మొన కోసుగా ఉంటుంది. గీత లావుగా ఉన్నచోట లోతుకు దిగుతుంది, సన్నబడే చోట పైకి లేస్తుంది. లోతు ఎంతో లెక్క కూడా కట్టొచ్చు. అక్షరం గీత 8 మి.మీ. వెడల్పు ఉంటే 90 డిగ్రీల బిట్ 4 మి.మీ. దిగుతుంది. 60 డిగ్రీల బిట్ అయితే దాదాపు 7 మి.మీ. దిగుతుంది. టెన్త్ చదివేవాళ్లు ట్రిగొనామెట్రీతో సరిచూసుకోండి, వెడల్పులో సగాన్ని బిట్ కోణంలో సగం యొక్క ట్యాన్‌తో భాగించాలి. 20 మి.మీ. లావు గీతలున్న ఫాంట్‌ను 60 డిగ్రీల బిట్‌తో 12 మి.మీ. పలకలో చెక్కబోతే ఏమవుతుందో ఈ లెక్కతోనే తెలిసిపోతుంది. పలక అవతలికి తేలుతుంది.

వీ-బిట్‌తో ఒక జాగ్రత్త ఉంది. పలక సమంగా ఉండాలి. ఒక మూల అర మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే, 90 డిగ్రీల బిట్‌తో ఆ మూల అక్షరాల గీతలు 1 మి.మీ. లావెక్కుతాయి. "ప" సన్నగా, "యం" బొద్దుగా కనిపిస్తే తప్పు డ్రాయింగ్‌లో లేదు, పలక కింద ఉంది.

బోర్డు చివర్లు కోసేటప్పుడు గీతకు బయటి వైపు కోయాలా, లోపలి వైపా, గీత మీదనేనా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. గీత మీదనే అంటే 3 మి.మీ. బిట్ ఒక్కో పక్క ఒకటిన్నర మి.మీ. తినేస్తుంది, 450 మి.మీ. బోర్డు 447 అవుతుంది. బయటి వైపు ఎంచుకోండి. మేకు కోసం వేసే రంధ్రాలకు లోపలి వైపు. కోత పూర్తయ్యే సమయానికి ముక్క ఊడి ఎగరకుండా రెండు మూడు చోట్ల ట్యాబ్స్, అంటే కోయకుండా ఉంచే చిన్న అతుకులు, వదలాలి.

పక్కన నెమలి బొమ్మ కావాలన్నారు. నెట్‌లో దొరికిన ఫొటోను ఆటోమేటిక్‌గా ట్రేస్ చేస్తే అంచు గుండా వందలకొద్దీ చుక్కలు పుడతాయి, కోత గరుకుగా వస్తుంది. బొమ్మను అడుగున పెట్టుకుని, పైన పెన్ టూల్‌తో మీరే గీయండి. వంపు తిరిగే చోట మాత్రమే చుక్క పెట్టండి. ఆ టూల్ గీసే వంపులను బెజియర్ వంపులంటారు. ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియెర్ బెజియర్ 1960లలో కారు బాడీల డిజైన్‌కు వాడి వీటికి పేరు తెచ్చాడు. మీ ఫాంట్ అక్షరాల గుండ్రనాలన్నీ ఆ కుటుంబంవే. తక్కువ చుక్కలతో నిండైన వంపు తెప్పించడం చేతికి అలవాటైతే, ఆ ఆనందం వేరు.

ఫైలును వేరే ప్రోగ్రాములు కూడా తెరవగలిగే డీఎక్స్ఎఫ్ అనే రకంగా సేవ్ చేసేటప్పుడు కొలతల గొడవ ఒకటి ఉంటుంది. ఒక ప్రోగ్రాం మిల్లీమీటర్లు అనుకున్నదాన్ని ఇంకొకటి అంగుళాలు అనుకుంటే మీ 450 మి.మీ. బోర్డు 11,430 మి.మీ. అవుతుంది, వీధి గుమ్మం కంటే పెద్దది! డ్రాయింగ్ మూలన 100 మి.మీ. చదరం ఒకటి గీసి ఉంచండి. కోసే కంప్యూటర్లో తెరిచి దాన్ని కొలవండి. 100 ఉంటే సరే, చెరిపేసి ముందుకు వెళ్లండి.

గుమ్మం పక్కన వాన తగులుతుంది కాబట్టి ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) వద్దు, తడికి ఉబ్బిపోతుంది. టేకు ముక్క దొరికితే మంచిది, లేకపోతే పీవీసీ ఫోమ్ షీటు అనే ప్లాస్టిక్ పలక. కానీ ఆ పీవీసీ షీటును లేజర్ మెషీన్ మీద మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి, కాలితే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆమ్లపు పొగ వస్తుంది. రూటర్ దగ్గర కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. చున్నీలు, వదులు చేతుల చొక్కాలు, గ్లవ్స్ వద్దు, తిరిగే బిట్ వాటిని లాక్కుంటుంది. పెద్దవాళ్లు పక్కన లేకుండా మెషీన్ ఆన్ చేయొద్దు. ఈ ఒక్క విషయంలో నా మాటకు ఎదురు చెప్పకండి.

రంగు కోసం చిన్న కిటుకు. పలకకు ముందే అడుగు రంగు వేసి ఆరనిచ్చి, పైన వినైల్ స్టిక్కర్ గాలి బుడగలు లేకుండా అంటించండి. స్టిక్కర్ మీదుగానే అక్షరాలు చెక్కించి, ఆ గాట్లలో రెండో రంగు స్ప్రే చేసి, ఆరాక స్టిక్కర్ లాగేయండి. అంచులు శుభ్రంగా వస్తాయి.

కోయించే ముందు ఫైలు నాకు ఒకసారి పంపండి, తీరిగ్గా చూసి చెబుతాను. పంపేటప్పుడు బిట్ సైజు, పలక మందం తప్పకుండా రాయండి. అవి లేకపోతే ఎంత అందమైన డ్రాయింగయినా బాగుందో లేదో నేను చెప్పలేను.

ప్రేమతో,
మీ తాతయ్య