సైనిక సంక్షేమ ఆఫీసు ఖర్చులు, మన గ్రాంట్లు: అపోహలు - వాస్తవాలు

"జెండా డబ్బంతా ఆఫీసు జీతాలకే పోతోందంటగా, ఇంక మాకేం మిగుల్తుంది సార్?" నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల నోట పదేపదే వినపడే మాట ఇది. జెండా డబ్బంటే పతాక దినోత్సవ నిధి. వాట్సాప్‌లో ఎవరో పెడతారు, అర్హత ఉన్న మనిషి దరఖాస్తే మానేస్తాడు. అసలు నష్టం అక్కడే.

జీతాలు, కరెంటు బిల్లు, స్టేషనరీ ఒక పద్దు. మన రాష్ట్రంలో అందులో 60 శాతం కేంద్రం వాటా, 40 శాతం రాష్ట్రానిది. ఢిల్లీలో రక్షణ శాఖ కింద ఉన్న కేంద్రీయ సైనిక్ బోర్డు గ్రాంట్లది వేరే పద్దు: రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి. డిసెంబరు 7 పతాక దినోత్సవ నిధిలో అదొక భాగం. ఆ సొమ్ము జిల్లా ఆఫీసు చేతికి రాదు, ఢిల్లీ నుంచి నేరుగా మీ ఖాతాలో పడుతుంది. ఆఫీసులో పోస్టులు ఖాళీగా ఉంటే మీ కాగితాలు సరిచూడటం ఆలస్యమవుతుందే గానీ, గ్రాంటులో రూపాయి తగ్గదు.

హవల్దార్ ర్యాంకు వరకు వర్తించే ఈ మూడు గ్రాంట్లు 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు రెట్టింపయ్యాయి. పింఛను లేని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికుడికి లేదా మాజీ సైనికుడి వితంతువుకు నెలకు 8,000. ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఒక్కొక్కరికి నెలకు 2,000. ఇద్దరు కూతుళ్ల వరకు పెళ్లికి లక్ష. అయితే ఈ పెంపు ఉత్తర్వు రాకముందు జరిగిన పెళ్లికి లక్ష అడిగి లాభం లేదు. పెళ్లయిన 180 రోజుల్లోపు బోర్డు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా దరఖాస్తు పెట్టాలి. "పండగయ్యాక చూద్దాంలే" అనుకున్నవాళ్లకే ఈ గడువు దాటిపోతుంది.

దరఖాస్తు తిరిగొచ్చేది నిధుల్లేక కాదు, ఎక్కువగా పేర్ల దగ్గర. డిశ్చార్జ్ బుక్కులో వెంకాయమ్మ, ఆధార్‌లో వెంకటమ్మ, పాసుబుక్కులో పి. వెంకమ్మ: ముగ్గురూ ఒకరేనని మనకు తెలుసు, ఢిల్లీలో ఫైలు చూసేవాడికి తెలియదు. తప్పు ఆధార్‌లోనో బ్యాంకులోనో ఉంటే ముందు అక్కడ దిద్దించండి. సర్వీసు రికార్డులోనే ఉంటే అఫిడవిట్ జత చేసి, సంక్షేమ కార్యాలయం ద్వారా సర్వీసు వివరాలు ఉండే సైన్యం రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. ఇది నెలల పని, కూతురి పెళ్లి కుదిరాక మొదలుపెడితే అందదు. కూతురి పేరు అసలు రికార్డులో ఎక్కని ఇళ్లూ ఉన్నాయి, ఇప్పుడే తీసి చూసుకోండి. చదువు గ్రాంటుకు పాసైన తరగతి మార్కుల జాబితా కావాలి, చదువుతున్న తరగతిది కాదు. ఇంకెక్కడా విద్యాభత్యం తీసుకోవడం లేదన్న డిక్లరేషన్ కూడా పెట్టాలి. అప్‌లోడ్ చేసి ఊరుకోకండి, లాగిన్‌లో స్టేటస్ చూస్తూ ఉండండి. అభ్యంతరం రాసి వెనక్కి పంపిన దరఖాస్తు మీరు సరిచేసేదాకా అక్కడే పడి ఉంటుంది.

కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో బస్సెక్కి వచ్చే పెద్దమ్మల దగ్గర "ఫైలు కదిలిస్తా" అని డబ్బులు గుంజే ఏజెంట్ల మాట నమ్మొద్దు, దరఖాస్తుకు ఫీజే లేదు. జిల్లా సంక్షేమ ఆఫీసరు సర్వీసులో ఉన్న సైన్యం మనిషి అనుకుంటారు. కాదు, రిటైరైన అధికారి. జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరు. పింఛను ఆగిందని సంక్షేమ ఆఫీసులో కోప్పడి ప్రయోజనం లేదు, పింఛను వచ్చేది రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ స్పర్శ్ నుంచి. అది ఆగిందంటే ముందు జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నారన్న ఏటా ఇచ్చే ధ్రువీకరణ) ఇచ్చారో లేదో చూడండి. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుకు దాని పాలీక్లినిక్‌లో, మిలిటరీ క్యాంటీన్ కార్డుకు ఆ క్యాంటీన్‌లో అడగండి.