నాయనమ్మ రోకలి

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లీ,

పండక్కి వచ్చినప్పుడు పాత ఫొటోలు చూస్తూ అడిగావు గుర్తుందా? "కరోనా పోయింది కదా తాతయ్యా, అప్పుడు పెరిగిన అమ్మ బరువు ఎందుకు పోలేదు?" అని. అమ్మ నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏదో తప్పు చేసినట్టున్న ఆ నవ్వు చూసి నాకు మనసు చివుక్కుమంది.

నా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో గాదెలుండేవి. సంక్రాంతికి మా గాదె నిండేది. మా నాయనమ్మ రోజూ చేటెడు వడ్లు తీసి దంచేది. చూస్తే చేటెడే! ఎండాకాలం వచ్చేసరికి మాత్రం నేను గాదెలోకి వంగి చూడాల్సి వచ్చేది.

ఒంట్లో కొవ్వూ అంతే, కరువు రోజులకని దాచిన తిండి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. పెద్దవాళ్లకు మూడు రోజులకు పైగా సరిపోతుంది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. అంతకుముందు మీ అమ్మ వ్యాయామమేమీ చేసేది కాదు. కానీ బస్టాపుకి నడిచేది, ఆఫీసు మెట్లెక్కేది, రైతుబజారులో సంచీ మోస్తూ తిరిగేది. ఎవరూ లెక్కలో వేయని ఆ నడకే రోజూ తీసే చేటెడు వడ్లు. అది ఆగింది. గాదెలో పోయడం మాత్రం ఆగలేదు. అందరూ ఇంట్లోనే ఉన్నారని జంతికలు, దిగులుగా ఉందని ఇంకో టీ.

తలుపులు తెరుచుకున్నాక కూడా చేట మూలనే ఉండిపోయింది. కూరగాయలు ఫోన్లో వస్తున్నాయి, ఆఫీసు పని ఇంట్లోనే. కదలక కండ తగ్గింది. మెట్లెక్కితే ఆయాసం, ఆయాసమని లిఫ్టు.

ఒకసారి నాయనమ్మ కాలు బెణికి నెల్లాళ్లు మంచం దిగలేదు. లేచి రోకలి పట్టిన రోజున నాలుగు పోట్లకే చెయ్యి ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను, చేతి నరాలు వణకడం కనిపించింది. ఆవిడ రోకలి గోడకి ఆనించి, "రేపు ఆరు" అంది. మర్నాడు ఆరే వేసింది. పదిహేను రోజులకి మళ్లీ చేటెడూ దంచేసింది. ఎవరో వచ్చి ఆవిణ్ణి వెక్కిరించి ఉంటే రోకలి మళ్లీ పట్టేదా? అందుకే అమ్మని లావయ్యావని ఎప్పుడూ అనకు.

నీ వయసు పిల్లలకి రోజుకో గంటైనా ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటలో అమ్మనీ కలుపుకో. ఈ ఆదివారం లిఫ్టు వదిలేసి ఇద్దరూ మెల్లగా మీ మూడంతస్తులూ ఎక్కండి. పైకి చేరగానే అమ్మ మణికట్టు మీద వేళ్లు పెట్టి, పదిహేను సెకన్లలో నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టు. రోజూ ఎక్కుతూ, నెల తర్వాత మళ్లీ చూడు. రెండు అంకెలూ కార్డు మీద రాసి పంపు.

మీ తాతయ్య