బ్లాక్‌మెయిల్‌లో ఉత్తరం ఎక్కడుంది? అపోహలు – వాస్తవాలు

అపోహ: ఉత్తరమో ఈమెయిలో లేనిదే అది బ్లాక్‌మెయిల్ కాదు.

ఫిర్యాదులను, అఫిడవిట్లను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించే నా పనిలో ఈ మాట విన్నన్ని సార్లు మరొకటి వినలేదు. కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చిన ఒకావిడ, ఫొటోలు ఇంట్లోవాళ్లకు చూపిస్తానని ఫోన్‌లో బెదిరించిన వ్యక్తికి మూడు నెలల పాటు డబ్బు కట్టారు. మెయిల్ రానిదే బ్లాక్‌మెయిల్ కేసు నిలవదని చదువుకున్న బంధువొకాయన చెప్పడమే అందుకు కారణం. అంత భయంలో ఉన్న మనిషి ఎవరి మాటైనా నమ్ముతుంది కనుక ఆమెను తప్పుపట్టలేను. తెలియని పదాన్ని విడగొట్టి తీర్పులు చెప్పే పెద్దమనుషుల మీదే నా విసుగంతా.

వాస్తవం: బ్లాక్‌మెయిల్‌లోని మెయిల్‌కు తపాలాతో చుట్టరికం లేదు. ఒప్పందం అనే అర్థమున్న ప్రాచీన నార్స్ (స్కాండినేవియా వాసుల పాత భాష) పదం ‘మాల్’ నుంచి వచ్చి, స్కాట్లాండ్‌లో శిస్తు, కప్పం అనే అర్థంలో స్థిరపడిన మాట ఇది. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్–స్కాట్లాండ్ సరిహద్దుల్లో దోపిడీ ముఠాలు, దాడి చేయకుండా వదిలేస్తామంటూ రైతుల నుంచి డబ్బుగానో పశువులుగానో గుంజిన కప్పమే బ్లాక్‌మెయిల్. దాన్ని అరికట్టడానికి మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1601లో, చట్టమే చేయవలసి వచ్చింది. గుట్టు బయటపెడతామని డబ్బు లాగడమనే అర్థం 19వ శతాబ్దంలో చేరింది. తపాలా మెయిల్ వేరే మాట. సంచి అనే అర్థంలో పాత ఫ్రెంచి నుంచి వచ్చి, సంచిలోని ఉత్తరాలకే పేరయింది. సగపాలు అన్నప్పుడు మనమెవరమూ పాలచెంబు వెతకము కదా!

నల్లసిరాతో రాసిన బెదిరింపు లేఖల వల్లే ‘బ్లాక్’ అన్న మాట వచ్చిందన్న కథ కూడా తరచూ వినిపిస్తుంది. ఉత్తరమే లేనప్పుడు సిరా ఎక్కడిది? యోధుల ఇనుప కవచాన్ని కూడా మెయిల్ అంటారు గానీ, వలకన్ను అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ మూడో మెయిల్‌కూ దీనికీ సంబంధం లేదు.

మన చట్టం ఈ నేరాన్ని ఎక్స్‌టార్షన్ (బెదిరించి సొమ్ము గుంజడం) అంటుంది. భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్‌లోని మొదటి ఉదాహరణ, పరువు తీసే రాత ప్రచురిస్తానని బెదిరించి డబ్బు తీసుకోవడమే. బెదిరింపు కాగితం మీదే ఉండాలన్న షరతు ఆ నిర్వచనంలో ఎక్కడా లేదు. అప్పట్లో ఆవిడ ఫిర్యాదును అనువదించినప్పుడు నేను బ్లాక్‌మెయిల్ అన్న పదాన్నే వాడలేదు. అతను ఏ రోజున ఏమన్నాడో, ఎంత అడిగాడో, ఆమె ఎంత ఇచ్చారో వరుసగా రాసి ఇచ్చాను.