డ్రైవర్ లాఫ్ట్ గురించి పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో పెద్దవాడు 9 డిగ్రీల డ్రైవర్ (గోల్ఫ్‌లో బంతిని బాగా దూరం కొట్టే కర్ర) కోసం పట్టుబడుతున్నాడనీ, తనకు 12 డిగ్రీలది ఇప్పిస్తామన్నందుకు చిన్నమ్మాయి అలిగిందనీ విన్నాను. అంకె తగ్గేకొద్దీ ఆటగాడు గట్టివాడన్న అపోహ గోల్ఫ్ ఆడేవాళ్లలో పెద్దల దగ్గరే పాతుకుపోయింది కనుక మిమ్మల్ని తప్పుపట్టను. అయినా కొనేముందు ఈ విషయం కొంత నెమ్మదిగా తెలుసుకోండి.

షాఫ్ట్‌ను, అంటే డ్రైవర్ పొడవాటి కాడను, నిటారుగా నిలబెట్టినప్పుడు బంతిని తాకే డ్రైవర్ ముఖం వెనక్కి ఎంత వాలి ఉంటుందో ఆ కోణమే లాఫ్ట్. సాధారణంగా దొరికేవి 9, 10.5, 12 డిగ్రీలవి. డ్రైవర్ కింది కొసన ఉండే తల మీద అచ్చువేసిన ఆ అంకెకూ అసలు కొలతకూ మధ్య ఒక డిగ్రీ తేడా ఉండటం అరుదేమీ కాదు. అంతకంటే ముఖ్యంగా, బంతి లేచే ఎత్తును చాలావరకు నిర్ణయించేది అది తగిలిన క్షణంలో ముఖం ఉన్న వాలు. చేతులు బంతిని దాటి ముందుకు పోతే ఆ వాలు తగ్గుతుంది, షాఫ్ట్ కొస ముందుకు వంగితే పెరుగుతుంది. అందుకే ఒకే డ్రైవర్‌తో అన్నాచెల్లెళ్లిద్దరూ కొట్టినా బంతులు ఒకే ఎత్తున లేవవు.

ఇక వేగం సంగతి. అమెరికా పురుషుల టూర్‌లో (వృత్తి ఆటగాళ్ల పోటీల్లో) ఆడేవారి డ్రైవర్ వేగం సగటున గంటకు 113 మైళ్లకు పైనే ఉంటుంది. మామూలు ఆటగాళ్లలో చాలామంది 90 మైళ్ల చుట్టుపక్కలే తిరుగుతారు. నీటి ధార బలహీనంగా ఉన్నప్పుడు దూరపు మొక్కకు తడి అందాలంటే గొట్టాన్ని కాస్త పైకెత్తి పట్టుకుంటాం కదా, వేగం తక్కువైనవారి బంతికీ అలాగే ఎత్తు కావాలి. కాబట్టి మీరు చూసి నేర్చుకోవలసింది పురుషుల టూర్ నుంచి కాదు, మహిళల టూర్ నుంచి. అక్కడి సగటు వేగం దాదాపు 94 మైళ్లు, అంటే మనవంటివారికి దగ్గరిదే. వారిలో చాలామంది డ్రైవర్ తల పైకి లేస్తున్న దశలో బంతిని కొడతారు కనుక బంతి ఎత్తుగా బయల్దేరుతుంది, వెనక్కి తిరిగే స్పిన్ మాత్రం అతిగా పెరగదు. డ్రైవర్ తల కిందికి దిగుతుండగా కొట్టేవారికి ఇది తలకిందులవుతుంది: బంతి కిందుగా బయల్దేరుతుంది, స్పిన్ పెరుగుతుంది. అటువంటివారు లాఫ్ట్ మార్చే ముందు బంతిని ముందుకాలి మడమకు ఎదురుగా, సగం బంతి డ్రైవర్ తలకు పైన కనిపించేంత ఎత్తు టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) మీద పెట్టి చూడాలి.

మీరు తప్పక చేయవలసిన పరీక్ష ఒకటుంది. డ్రైవర్ ముఖానికి పలుచగా పౌడర్ పూసి, కొన్ని బంతులు కొట్టి, గుర్తులు ఎక్కడ పడ్డాయో చూడండి. ముఖం చదునుగా ఉండదు. పైనుంచి కిందికి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి పైభాగంలో లాఫ్ట్ ఎక్కువ, కిందిభాగంలో తక్కువ. కింద తగిలిన బంతి తక్కువ ఎత్తున బయల్దేరి, ఎక్కువ స్పిన్‌తో దారి మధ్యలో పైకి లేచి, గాలిలో ఆగినట్టయి నిటారుగా దిగిపోతుంది. దాన్ని చూసి “లాఫ్ట్ ఎక్కువైంది” అని అంకె తగ్గించుకునేవారే ఎక్కువ; గుర్తులు కిందనే పడుతున్నంతకాలం ఆ మార్పు బంతిని ఇంకా కిందికి తెస్తుందే తప్ప జబ్బును తగ్గించదు. గుర్తులు నడిమికి చేరిన తరువాత కూడా బంతి అలాగే పైకెగసి ఆగిపోతుంటే, అప్పుడు తక్కువ లాఫ్ట్ గురించి ఆలోచించడం సబబు.

స్లైస్ (కుడిచేతివారికి బంతి కుడివైపుకు వంపు తిరిగిపోవడం) కొట్టేవారికి ఎక్కువ లాఫ్ట్ మరో మేలు చేస్తుంది. వెనక్కి తిరిగే స్పిన్ పాలు పెరిగితే బంతి తిరిగే అక్షం పక్కకు వాలడం తగ్గి, వంపు కొంత తగ్గుతుంది. ఈ కారణం చేతనే, కొత్తగా నేర్చుకునేవారెవరైనా 10.5కు తక్కువ తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు. అమ్మాయీ, నీకు 12 సరైనదే, అలక మానుకో.

లాఫ్ట్ మార్చుకునే వీలున్న డ్రైవర్ కొంటే ఒక్క మెలిక గుర్తుంచుకోండి. షాఫ్ట్ తలను కలిసే మెడ దగ్గరి స్లీవ్ (తొడుగు) తిప్పి లాఫ్ట్ పెంచితే ముఖం కొద్దిగా మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. స్లైస్‌తో బాధపడేవాడు దూరం కోసం లాఫ్ట్ తగ్గిస్తే, ముఖం తెరుచుకుని స్లైస్ మరింత ముదరవచ్చు. ఆ తిప్పడమేదో రౌండుకు ముందే పూర్తిచేయండి. ఆట మొదలయ్యాక డ్రైవర్ అమరికను మార్చి దానితో కొట్టడానికి నియమాలు ఒప్పుకోవు.

ఇట్లు,
మీ తాతయ్య