పిల్లల పియానో పుస్తకాలు: అపోహలు - వాస్తవాలు

మా కడపలో పియానో నేర్చుకునే పిల్లలు చాలామంది నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌ను ఏడు రోడ్ల దగ్గర జిరాక్స్ తీయించి తెస్తారు. పాట పేరు చూస్తారు గానీ, ఎడిషన్ ఎవరిదో, అంటే ఆ స్వరాలను ఎవరు దిద్ది అచ్చేశారో చూడరు.

అపోహ: పాత పాటలే కదా, ఏ కాపీ అయినా ఒకటే.

వాస్తవం: జర్మన్ స్వరకర్త బాఖ్ 1722 నాటి సి మేజర్ ప్రెల్యూడ్ అనే చిన్న రచనలో 35 బార్‌లు (తాళం ప్రకారం గీతలతో విడదీసిన గళ్లు) ఉంటాయి. కొన్ని పాత ముద్రణల్లో 36. ఇరవై రెండో బార్ తర్వాత ఒకటి అదనంగా చేరింది, అది బాఖ్ రాసింది కాదు. పియానో గురువు చెర్నీ 1837లో దిద్దిన ఎడిషన్‌లోనూ అది ఉంది. కాపీరైట్ తీరిపోవడంతో అలాంటి పాత స్కాన్‌లే ఉచితంగా దొరుకుతాయి. పిల్లాడు యూట్యూబ్‌లో ఒకటి వింటాడు, కాగితంలో ఇంకొకటి చూస్తాడు. ఇక టెన్షన్ మొదలు.

అపోహ: గుర్తులు ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచి పుస్తకం.

వాస్తవం: ఆ ప్రెల్యూడ్‌కు బాఖ్ వేగం రాయలేదు, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలో చెప్పలేదు. అవన్నీ చెర్నీ చేర్చినవి. ఆయన బీతోవెన్ శిష్యుడు, తీసిపారేసే మనిషి కాదు. కానీ అది ఆయన కాలపు అభిరుచి. మంచి ఎడిషన్‌లో ఎడిటర్ చేర్చినవి బ్రాకెట్లలోనో చిన్న అక్షరాల్లోనో ఉంటాయి. ఏ రాతప్రతి చూశారో ముందుమాటలో చెబుతారు.

అపోహ: అయితే అందరికీ ఉర్‌టెక్స్ట్ (స్వరకర్త రాసినదానికే కట్టుబడ్డ ఎడిషన్) కొనాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. హెన్లే, బేరెన్‌రైటర్ లాంటి ప్రచురణ సంస్థలవి నమ్మదగినవే, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్లకు గుర్తుల్లేని పేజీ ఇస్తే బిక్కమొహం వేస్తుంది. ఆ వయసుకు వేళ్ల నంబర్లున్న, ఎడిటర్ నిజాయితీగా దిద్దిన సంకలనమే నయం. ఆ నంబర్లు కూడా పెద్దల చేతికి రాసినవైతే నేను పెన్సిల్‌తో మార్చేస్తాను.

అపోహ: పరీక్షకు ఏ పుస్తకమైనా చెల్లుతుంది.

వాస్తవం: బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు ఏబీఆర్‌ఎస్‌ఎమ్‌లో అసలు రచనకు వేరే ఎడిషన్ వాడొచ్చు. సిలబస్‌లో ఉన్నది అరేంజ్‌మెంట్ (అసలు రచనను వేరొకరు మార్చి రాసినది) అయితే మాత్రం వాళ్లు చెప్పిన పుస్తకమే తేవాలి. 'ఈజీ' వెర్షన్ తెస్తే కుదరదు.

పుస్తకం కొనేముందు నేను చూసేది ఒకటుంది. జి మేజర్ మినుయెట్ అనే నాట్య బాణీ మీద ఉత్త 'బాఖ్' అని ఉందా, 'పెట్సోల్డ్' అని ఉందా? అది బాఖ్ ఇంటి నోట్‌బుక్‌లో ఉన్న క్రిస్టియాన్ పెట్సోల్డ్ రచన. ఇది తెలిసి దశాబ్దాలైంది. ఇప్పటికీ 'బాఖ్' అనే వేసి ఊరుకున్న పుస్తకంలో మిగతా పేజీలను కాస్త అనుమానంతోనే తిప్పుతాను.