పై దవడ పన్ను ఇంప్లాంట్: స్కాన్ పన్ను ఉండగానే తీయించుకోండి

"పన్ను తీయించేశాను డాక్టర్ గారూ, ఇప్పుడు స్కాన్ తీసి ఇంప్లాంట్ పెట్టేయండి." ఈ మాట విన్న ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇంప్లాంట్ అంటే పోయిన పంటి చోట ఎముకలో బిగించే కృత్రిమ వేరు.

అపోహ: ముందు పన్ను తీసేద్దాం, స్కాన్ తర్వాత చూసుకోవచ్చు.

జనాన్ని ఎక్కువగా నష్టపరిచేది ఇదే. పై మొదటి దవడ పంటికి సాధారణంగా మూడు వేర్లు: బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి. వాటి నడుమ ఉండే ఎముకను సెప్టం అంటాం. పన్ను తీసిన రోజే పెట్టే ఇంప్లాంట్‌కి ముఖ్యమైన పట్టు అక్కడే దొరుకుతుంది. అది ఎంత వెడల్పుంది, దాని కొన నుంచి సైనస్ (పై పళ్ళ వేర్లకు పైన ఉండే గాలి గది) నేల దాకా ఎన్ని మిల్లీమీటర్లు, వేర్లు ఎంత విచ్చుకున్నాయి అన్నవి పన్ను నోట్లో ఉండగానే సీబీసీటీలో, అంటే దవడను మూడు కోణాల్లో చూపే త్రీడీ స్కాన్‌లో, కొలుచుకోవాలి. 2013లో దంతవైద్యులు స్మిత్, టార్నో ఈ సాకెట్లను (పన్ను తీశాక మిగిలే గుంతలను) మూడు రకాలుగా విడదీసింది కూడా సెప్టాన్ని బట్టే. ఎ రకంలో ఇంప్లాంట్ మొత్తం సెప్టంలోనే ఇముడుతుంది. బి రకంలో కొంత బయటికి కనిపించినా పట్టు ఉంటుంది. సి రకంలో సెప్టం పనికిరాదు. సాకెట్ గోడలను పట్టుకునేంత లావు ఇంప్లాంట్ వేయాలి, లేదా ఆగాలి.

సెప్టం సన్నగా ఉందని ముందే తెలిస్తే వేర్లను కోసి విడివిడిగా తీస్తాం. తెలియక ఊపి లాగితే అది విరిగిపోవచ్చు. తర్వాత నెలలు గడిచేకొద్దీ ఎముక కరుగుతుంది, చాలామందిలో సైనస్ కిందికి జారుతుంది.

నిరుడు ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. నొప్పి భరించలేక పన్ను తీయించుకుని అప్పటికే ఏడాది దాటింది. స్కాన్‌లో సైనస్ కింద మిగిలిన ఎముక 3 మిల్లీమీటర్లే. సైనస్ లిఫ్ట్ (సైనస్ పొరను పైకి లేపడం), బోన్ గ్రాఫ్ట్ (ఎముక పదార్థం నింపడం), నెలల తరబడి ఎదురుచూపు అని చెబితే, "ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే బాగుండేది కదమ్మా" అన్నారు. ఆమె తప్పేమీ లేదు. నొప్పితో అల్లాడే మనిషికి ఆ పన్ను పోతే చాలనిపిస్తుంది. చెప్పాల్సింది మేము. ముఖం వాచి జ్వరం ఉంటే మాత్రం స్కాన్ కోసం చికిత్స ఆపకండి.

అపోహ: ఓపీజీ (పళ్ళన్నీ ఒకేసారి కనిపించే మామూలు ఎక్స్‌రే) ఉందిగా, చాలు.

చాలదు. అది గోడ మీద పడ్డ నీడ లాంటిది; మెషీన్‌ని బట్టి 20 నుంచి 30 శాతం దాకా పెద్దదిగా చూపిస్తుంది, బుగ్గ నుంచి అంగిలి వైపు వెడల్పు అసలే చూపించదు. సైనస్ పక్కన ఉన్న వేరు కూడా అందులో సైనస్‌లోకి దూరినట్టే కనిపిస్తుంది. అది చూసి "నీకు ఇంప్లాంట్ పడదు" అన్నారని దిగులుపడేవాళ్ళు ఎందరో!

అపోహ: స్కాన్ రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుంది.

చిన్న ఫీల్డ్ (కావాల్సిన చోటు వరకే తీసే) సీబీసీటీ డోసు సాధారణంగా కొన్ని పదుల మైక్రోసీవర్టులు (రేడియేషన్ కొలత). ప్రకృతి నుంచి ఏటా మనకు అందేది ప్రపంచ సగటున 2,400. టెన్షన్ వద్దు, చిన్న ఫీల్డే అడగండి. గర్భిణులు ముందే చెప్పాలి.



అపోహ: స్కాన్ బాగుంటే అదే రోజు ఇంప్లాంట్ ఖాయం.

పై దవడ వెనక ఎముక మెత్తన. అది ఎంత గట్టిదో సీబీసీటీ కచ్చితంగా చెప్పలేదు. పక్క పంటికి మెటల్ క్యాప్ ఉంటే చారలు పడి సెప్టం కనిపించకపోవచ్చు కూడా. బిగించేటప్పుడు పట్టు రాకపోతే ఆగడమే మంచిది. పోయిన నెల ఆ టీచరమ్మ తన చెల్లెల్ని పన్ను తీయించకముందే తీసుకొచ్చారు. సెప్టం సన్నగా ఉంది. వేర్లు విడివిడిగా తీసి, సాకెట్‌లో గ్రాఫ్ట్ నింపి, నాలుగు నెలల తర్వాత రమ్మన్నాను.