హనోయ్ ఫోటోగ్రఫీ టూర్లు, చేతివృత్తుల గ్రామాలు: అపోహలు - వాస్తవాలు

వియత్నాం రాజధాని హనోయ్‌కీ, దాని చుట్టూ ఉన్న చేతివృత్తుల గ్రామాలకూ ఫోటోగ్రాఫర్ల బృందాలను తీసుకువెళ్లడం నా వృత్తి. బృందంలో ఎవరున్నా, ప్రయాణానికి ముందు అడిగే ప్రశ్నల వెనుక అవే అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి.

అపోహ: అగరుబత్తీల గ్రామం ఫోటోల్లో కనిపించే ఎర్రటి దృశ్యమంతా అక్కడి నిత్యజీవితమే.

వాస్తవం: అందులో కొంత నిజం, కొంత ఏర్పాటు. హనోయ్‌కి దక్షిణంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్వాంగ్ ఫూ కౌలో ప్రధానంగా తయారయ్యేది అగరుబత్తి కాదు, దానికి కావలసిన వెదురు పుల్ల. వెదురును చీల్చి, సన్నని పుల్లలు తీసి, కట్టలు కట్టి, రంగులో ముంచి ఎండబెడతారు. కట్టను మెలిపెట్టి నిలబెడితే పైభాగం పువ్వులా విచ్చుకుంటుంది. లోపలి పుల్లలకు కూడా ఎండా గాలీ తగలాలన్నదే అందులోని ఉద్దేశం. అయితే ఆ కట్టలను దేశపటంలాగానో జెండాలాగానో పేర్చి, మధ్యలో శంకువు టోపీ పెట్టుకున్న మనిషిని కూర్చోబెట్టి, పైనుంచి తీయడానికి మేడ ఎక్కనిచ్చి రుసుము తీసుకునే ఆవరణలు సందర్శకుల కోసం వెలసినవి. అక్కడ ఫోటో తీయడంలో తప్పు లేదు, ఆ రుసుము ఆ కుటుంబానికి ఆదాయం కూడా. ఆ ఫోటో కింద ‘పనిలో నిమగ్నమైన కార్మికురాలు’ అని రాయడమే తప్పు. అందుకే నేను బృందాన్ని ముందు పుల్లలు చీల్చే సందుల్లోకి, రంగు పెట్టే చోటికి తీసుకువెళ్తాను. మోచేతి దాకా గులాబీ రంగు అంటుకున్న చేతులు, అదే రంగుతో మరకలైన సిమెంటు నేల అక్కడే కనిపిస్తాయి.

ఈ గ్రామానికీ మన దేవుడి గదికీ నేరుగా సంబంధం ఉంది. ఇక్కడి పుల్లలకు భారతదేశం పెద్ద మార్కెట్టుగా ఉండేది. 2019 ఆగస్టు చివర్లో మన ప్రభుత్వం అగరుబత్తీల దిగుమతిపై ఆంక్షలు విధించి, 2020 జూన్‌లో వెదురు పుల్లలపై సుంకాన్ని 10 శాతం నుంచి 25 శాతానికి పెంచింది. గైడు ఇలాంటి సంగతులు చెప్పకపోతే చూసేవారికి ఆ ఫోటోలో ఎరుపు తప్ప మరేమీ మిగలదు.

ఆ ఎరుపు కెమెరాను కూడా తికమక పెడుతుంది. మొత్తం హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు, నీడ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) సక్రమంగానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు ఛానెల్ ఒక్కటే అంచు దాటిపోయి, పుల్లల మధ్య తేడా చెరిగిపోయి ముద్దగా మారుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను విడివిడిగా చూసుకుంటూ, ఎక్స్‌పోజర్‌ను అర స్టాపు నుంచి ఒక స్టాపు (అంటే వెలుగు సగమయ్యేంత) వరకు తగ్గించడం మేలు.

అపోహ: మబ్బు పట్టిందంటే ఆ రోజు వృథా అయినట్టే.

వాస్తవం: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు హనోయ్‌లో సన్నని తుంపర, బూడిద రంగు ఆకాశం మామూలే. పాత బస్తీ వీధులకు, లాంగ్ బియెన్ వంతెనకు, ఇళ్ల లోపల జరిగే పనులకు ఆ మెత్తని వెలుగు ఎంతో అనుకూలం. వెలుగు ఎలా ఉన్నా ఎండ లేకపోతే పుల్లలు ఆరబెట్టరు కాబట్టి, అలాంటి రోజున అగరుబత్తీల గ్రామానికి బదులు మరో చోటికి వెళ్లాలి. కార్యక్రమాన్ని ముందు రోజు సాయంత్రం మార్చుకునే వెసులుబాటు ఉన్న టూర్‌నే ఎంచుకోండి.

అపోహ: మంచి గైడు ఉంటే ఒక్క రోజులో ఐదారు గ్రామాలు చూడవచ్చు.

వాస్తవం: కారు కిటికీలోంచి చూడవచ్చు. బాట్ ట్రాంగ్ కుమ్మరి గ్రామం నగరానికి ఆగ్నేయంగా ఎర్రనది ఒడ్డున ఉంటే, టోపీలు అల్లే చువాంగ్ గ్రామం నైరుతి దిక్కున ఉంది. చువాంగ్‌ను, క్వాంగ్ ఫూ కౌను ఒకే రోజు కలపవచ్చు. అంతకు మించి కలపకూడదన్నది నా అభిప్రాయం. పైగా చువాంగ్ టోపీల సంత రోజూ జరగదు. చాంద్రమాన నెలలో 4, 10, 14, 20, 24, 30 తేదీల్లో మాత్రమే, అదీ తెల్లవారుజామున జరుగుతుంది. మన పంచాంగంలోని తిథులను బట్టి ఒక రోజు అటూ ఇటూగా ఆ తేదీలను పోల్చుకోవచ్చు కానీ, టికెట్లు కొనే ముందు వియత్నాం క్యాలెండర్‌తో సరిచూసుకోవడం తప్పనిసరి. సంత లేని రోజున వెళ్తే ఇళ్ల గుమ్మాల్లో ఆకుకు వేడి ఇస్త్రీ చేసి, వెదురు వలయాలపై కుట్టేవారు కనిపిస్తారు. ఓపికగా కూర్చోగలిగినవారికి సంత కంటే అదే మంచి అవకాశం.

అపోహ: చేతివృత్తుల గ్రామంలో యంత్రం కనిపించకూడదు.

వాస్తవం: బాట్ ట్రాంగ్‌లో బొగ్గు బట్టీల స్థానంలో ఎక్కువగా గ్యాస్ బట్టీలు వచ్చాయి, చాలా పాత్రలను అచ్చుల్లో పోసి తీస్తారు. వాన్ ఫుక్ పట్టు గ్రామంలో మరమగ్గాల చప్పుడు వీధిలోకే వినిపిస్తుంది. మోటారును ఫ్రేములోంచి తప్పించి తీసిన ఫోటో ఆ నేతపనివారి గురించి ఏమీ చెప్పదు. మగ్గాల గదుల్లో ట్యూబులైట్ల వల్ల ఫోటోపై అడ్డచారలు పడితే షట్టర్‌ను సెకనులో 50వ లేదా 100వ వంతుకు మార్చండి. అక్కడి విద్యుత్తు కూడా మనలాగే 50 హెర్ట్జ్.

అపోహ: గైడుకు పరిచయాలు ఉంటే ఇళ్ల మధ్య నుంచే రైలు పట్టాలు వెళ్లే హనోయ్ ‘రైలు వీధి’లో పట్టాల మీద నిలబడి తీసుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. భద్రత కారణంగా 2019లోనూ, 2022లోనూ అధికారులు పట్టాల పక్కనే ఉన్న అక్కడి కాఫీ దుకాణాలపై చర్యలు తీసుకున్నారు. పట్టాల మీదికి పంపిస్తానని హామీ ఇచ్చే గైడును పెట్టుకోకండి.

అపోహ: టూర్‌కు డబ్బు కట్టాం కాబట్టి తీసిన ప్రతి ముఖమూ మన సొత్తే.

వాస్తవం: వియత్నాం 2015 పౌర స్మృతిలోని 32వ అధికరణం ప్రకారం వ్యక్తి చిత్రాన్ని వాడుకోవడానికి ఆ వ్యక్తి సమ్మతి ఉండాలి, వాణిజ్య అవసరానికి వాడితే, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలం కూడా చెల్లించాలి. ప్రకటనలకు, స్టాక్ సైట్లకు (ఎవరికైనా ఫోటోలు అమ్మిపెట్టే వెబ్‌సైట్లకు) ఫోటోలు అమ్మదలచినవారు వియత్నామీస్ భాషలో సిద్ధం చేసిన సమ్మతి పత్రాన్ని వెంట ఉంచుకుని, అందులో ఏముందో గైడు చేత చదివించి వినిపించి, సంతకం అక్కడికక్కడే తీసుకోవాలి. తిరిగి వచ్చాక ఒక సంతలో కనబడిన మనిషిని వెతికి పట్టుకోవడం ఏ గైడు వల్లా కాదు.